భ్రష్టుడు అన్న మాట నాకు వర్తిస్తుందా?

పర్లాకిమిడి దగ్గర్లోని ఒక ఊరి నుంచి 36 ఏళ్ల పాఠకుడొకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు. మూడు తరాలుగా వారిది బాప్టిస్టు కుటుంబం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. తాతగారు బాప్తిస్మం తీసుకున్న కొత్తలో తన వాళ్లే ఆయన్ను 'కులభ్రష్టుడు' అని పెళ్లి పంక్తిలోంచి లేపేశారట. తండ్రి ఇప్పుడు సంఘపెద్ద.

నాలుగేళ్లుగా తనకు నమ్మకం సడలుతూ వచ్చిందని రాశారు. ఎవరితోనూ గొడవ పడలేదు. "దేవుడు లేడని వాదించను. ఉన్నాడని నమ్మలేకపోతున్నాను. ప్రార్థనలో కళ్లు మూసుకుంటే ఎదురుగా ఎవరూ లేనట్టే ఉంటుంది" అన్నది ఆయన మాట. ఎనిమిది నెలలుగా బల్ల ఆదివారం (ప్రభు భోజనం పంచే ఆదివారం) రొట్టె పళ్లెం తన దగ్గరికి వస్తే తీసుకోకుండా పక్కవారికి అందిస్తున్నారు. పోయిన నెల పాస్టరుగారు థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రిక రెండో అధ్యాయం చదివి 'భ్రష్టత్వము' గురించి ప్రసంగించారు. గుడి బయట చెప్పులు వేసుకుంటుంటే పిన్ని చెయ్యి పట్టుకుని "ఏటిరా నాయనా, భ్రష్టు పట్టిపోనావా?" అని ఏడ్చింది. బరంపురంలో ఉండే బావ ఫోన్ చేసి, "నువ్వు అపోస్టేట్‌వి. అపొస్తలుడన్న మాటలోంచే వచ్చిందది, పడిపోయిన అపొస్తలుడని అర్థం" అన్నాడు.

ఇక ఊళ్లో సలహాలు. కలెక్టరుకు చెప్పకుండా మతం వదిలితే కేసవుతుందని ఒకరు, పెళ్లి చెల్లదని ఒకరు, తండ్రి ఆస్తిలో వాటా పోతుందని మరొకరు. ఎలాగూ వదిలావు కదా, ఘర్‌వాపసీ (హిందూమతంలోకి తిరిగి చేర్చే తంతు) చేయించుకుంటే ఎస్సీ సర్టిఫికెట్ వస్తుందని ఓ స్నేహితుడు. రెండు నెలల క్రితం తల్లికి గుండెలో స్టెంట్ వేశారు. భార్య విశ్వాసి, "నువ్వు నమ్మకపోయినా పక్కన కూర్చో చాలు" అంటోంది. ఏడేళ్ల కూతురి స్కూలు ఫారంలో మతం గడి ఖాళీగా ఉంది. ఆ మాటకు అసలు అర్థమేమిటి, అది ఎక్కణ్నుంచి వచ్చింది, అది నాకు తగులుతుందా, నేనిప్పుడేం చేయాలి అని అడిగారు.

మాస్టారూ, మీ ఉత్తరంలో మాట, చట్టం, ఇల్లు ఒకదానిమీద ఒకటి ముడిపడిపోయాయి. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది మాట కాబట్టి ముందు దాన్నే విప్పుదాం.

మీ బావగారు చెప్పిన వ్యుత్పత్తి తప్పు. అపొస్తలుడు, అపోస్టేట్ (మతం విడిచినవాడు) రెండూ గ్రీకులోంచి వచ్చినవే, రెంటికీ ముందున్న 'అపో' ఒక్కటే, అంతవరకే చుట్టరికం. అపొస్తలుడులో ఉన్నది 'స్టెల్లో', పంపడం, అంటే పంపబడినవాడు. అపోస్టేట్‌లో ఉన్నది 'స్టా', నిలబడటం. ఈ 'స్టా' మనకు పరాయిది కాదు. సంస్కృతంలోని 'స్థా' ధాతువుకు తోబుట్టువు. స్థానం, స్థితి, స్థిరం, సంస్థ అన్నీ ఆ ఇంటి పిల్లలే. 'అపో' కూడా మన 'అప' ఉపసర్గకు తోబుట్టువే. కాబట్టి అపోస్టేట్‌కు మూలమైన అపోస్టసియా అన్న గ్రీకు మాటను ముక్కలు చేసి మన అక్షరాల్లో పెడితే 'అప-స్థితి' లాంటిది వస్తుంది: ఉన్న చోటు నుంచి తొలగి వేరే నిలబడటం. పడిపోవడం అందులో ఎక్కడా లేదు.

పుట్టినప్పుడు దానికి దేవుడితో పని కూడా లేదు. క్రీస్తుపూర్వం 428లో మిటిలీని నగరం ఏథెన్సు కూటమిలోంచి బయటికొచ్చి తిరగబడింది. ఇలాంటి తిరుగుబాట్లకు చరిత్రకారుడు థ్యూసిడైడిస్ వాడిన మాట 'అపోస్టసిస్'. పొత్తు తెంచుకోవడం, ఏలికను ధిక్కరించడం. యూదుల గ్రంథాలను గ్రీకులోకి మార్చినవారు దేవుణ్ని ఏలికగా భావించారు గనుక ఆయన నుంచి తొలగడానికీ అదే మాట వేశారు. అక్కణ్నుంచి సంఘంలోకి వచ్చింది. రోమను సామ్రాజ్యం క్రైస్తవాన్ని తన మతం చేసుకున్నాక ఆ మాటకు శిక్ష కూడా తోడైంది. 381లో వచ్చిన చట్టం, క్రైస్తవం వదిలి పాత దేవతల దగ్గరికి తిరిగి వెళ్లినవారికి వీలునామా రాసే హక్కు లేకుండా చేసింది. 361 నుంచి 363 వరకు ఏలిన జూలియన్ చక్రవర్తికి ఈనాటికీ చరిత్ర పుస్తకాల్లో 'అపోస్టేట్' అన్న బిరుదే మిగిలింది. మీ చెవికి ఆ మాట అంత బరువుగా తగలడానికి కారణం ఈ రాజ్యాల చరిత్ర.

ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న బైబిలు తెరవండి. కొత్త నిబంధన మొత్తంలో అపోస్టసియా అన్న నామవాచకం రెండే చోట్ల వస్తుంది. ఒకటి మీరు విన్న థెస్సలొనీకయుల పత్రిక, రెండో అధ్యాయం మూడో వచనం. రెండోది అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయం 21వ వచనం. అక్కడ ఆ మాట ఎవరిమీద పడిందో చూడండి. పౌలు మీద. యూదులను మోషే నుంచి తొలగిపొమ్మని బోధిస్తున్నాడని ఆయన మీద వచ్చిన ఫిర్యాదది. తెలుగు బైబిలులో ఇక్కడ 'విడిచిపెట్టు' అన్నారు, థెస్సలొనీకయుల పత్రికలో 'భ్రష్టత్వము' అన్నారు. గ్రీకులో ఒకే మాట, తెలుగులో రెండు రంగులు. పౌలు మీద ఆరోపణగా వచ్చినప్పుడు మెత్తని మాట, చివరి దినాల హెచ్చరికగా వచ్చినప్పుడు కఠినమైన మాట. సందర్భాన్ని బట్టి అనువాదకులు అలా ఎంచుకున్నారు, అది వారి పరిధిలోని పనే. కానీ గుడిలో కూర్చుని విన్నవారికి రెండూ ఒకటేనని తెలిసే దారి లేదు.

ఆ కఠినమైన మాట సంగతి. 'భ్రష్ట' అన్నది 'భ్రంశ్' అన్న ధాతువులోంచి వచ్చింది, జారిపడటం, ఊడిపోవడం. స్థానభ్రంశం, అపభ్రంశం, పదవీభ్రష్టుడు అన్నీ అందులోవే. ఇందులో పైనుంచి కిందికి దిగడం ఉంది. తెలుగులోకి వచ్చాక అది ఇంకా దిగింది. పిల్లాడు తాగుడు మరిగినా, కూరలో ఉప్పు ఎక్కువైనా 'భ్రష్టు పట్టింది' అంటాం. మీ పిన్నిగారు పాస్టరుగారి నోట విన్న గ్రాంథిక 'భ్రష్టత్వాన్ని' తనకు తెలిసిన ఈ ఇంటి మాటతో అర్థం చేసుకున్నారు. కొడుకు వరసవాడు ఏ వ్యసనంలో పడ్డాడో అన్నంత భయం వేసింది ఆమెకు. పాస్టరుగారు మిమ్మల్ని ఉద్దేశించే ఆ వచనం చదివారనడానికి మీ ఉత్తరంలో నాకు ఆధారం కనపడలేదు. క్రీస్తు రెండో రాకడ గురించి మాట్లాడే ఎవరైనా ఆ అధ్యాయం చదువుతారు.

హీబ్రూలో ఈ అర్థానికి వాడే మాట ఇంకో రకంగా ఉంటుంది. 'మెషువా', వెనుదిరగడం. అదే ధాతువులోంచి వచ్చిన 'తెషువా' అంటే పశ్చాత్తాపం, తిరిగి రావడం. పోవడమూ రావడమూ ఒకే మాటలోంచి పుట్టాయి. యిర్మీయా మూడో అధ్యాయంలో భ్రష్టులైన పిల్లలను తిరిగి రమ్మని పిలిచే చోట మూలంలో ఆ ధాతువు ఈ రెండు అర్థాల్లోనూ పక్కపక్కనే ఉంటుంది. మీ నాన్నగారితో మాట్లాడేటప్పుడు ఈ వచనం గుర్తుంటే మంచిది. ఆయన నమ్మే గ్రంథంలోనే ఆ మాట పిల్లల కోసం తలుపు తీసి ఉంచి పలికిన మాట. అరబీలో 'ముర్తద్' కూడా వెనక్కి మళ్లడమన్న అర్థంలోంచే వచ్చింది.

ఇక మీ తాతగారు. ఆయన చేసిన పనికి కులం వైపు నుంచి 'భ్రష్టుడు' అన్నారు, సంఘం వైపు నుంచి 'విశ్వాసి' అన్నారు. అడుగు ఒకటే. ఈ జాతి మాటలన్నీ ఉన్నచోటే ఉండిపోయినవారు వెళ్లిపోయినవారికి పెట్టే పేర్లు. వెళ్లిన మనిషి ఎక్కడికి చేరాడో, ఎందుకు వెళ్లాడో అవి చెప్పవు. మీకు ఆ మాట వర్తిస్తుందా అని అడిగారు కదా. మీ సంఘం లెక్కలో, వారి నిర్వచనం ప్రకారం, బాప్తిస్మం తీసుకుని నమ్మకం విడిచినవారికి ఆ మాట వాడతారు. అది అబద్ధమని నేను మీకు ఊరట చెప్పను. గ్రీకు అర్థంలో అది మీ స్థితికి సరిగ్గా సరిపోతుంది కూడా. తెలుగు అర్థంలో సరిపోదు, ఎందుకంటే మీ నడవడిలో జారిందేమీ మీ నాలుగు పేజీల్లో లేదు.

మీరుండే చోట ఇంకో తమాషా మీకు రోజూ కనపడుతూనే ఉంటుంది. మనం 'మతం' అనేదాన్ని ఒడియాలో 'ధర్మ' అంటారు. ఒడియాలో 'మత' అంటే అభిప్రాయం. ఎన్నికలప్పుడు ఒడియా పేపర్లలో వచ్చే 'మతదాన' అంటే ఓటు వేయడం. తెలుగువాడు చదివితే ఉలిక్కిపడతాడు గానీ, పాత అర్థం నిలబెట్టుకున్నది ఒడియానే. 'మన్', ఆలోచించడం అన్న ధాతువులోంచి వచ్చింది 'మతం', తలచినది, అభిప్రాయం. పుట్టుకతో ఒంటికి అంటుకుని వచ్చేదన్న అర్థం దానికి తర్వాత మనం కట్టబెట్టినది. మీ పక్క గంజాం జిల్లాలో, రుషికుల్య ఒడ్డున జౌగడ కొండరాతి మీద అశోకుడి శాసనాల్లో ఏడోది చెప్పేదేమిటంటే, అన్ని 'పాషండాలూ' అన్ని చోట్లా నివసించవచ్చని. అక్కడ పాషండమంటే మతశాఖ, అంతే. కళింగ రాజు ఖారవేలుడు హాథీగుంఫా శాసనంలో తాను సర్వ పాషండాలనూ పూజించేవాణ్నని గర్వంగా చెప్పుకున్నాడు. తర్వాతి శతాబ్దాల్లో అదే మాట తిట్టయింది. మాటలు ఇలా చేతులు మారతాయి.

మిమ్మల్ని మీరు ఏమని పిలుచుకోవాలి అన్నదానికి తెలుగులో మూడు మాటలున్నాయి. నాస్తికుడు: పాణిని లెక్కలో 'లేదు' అన్నది ఎవరి మతియో వాడు, మనుస్మృతి లెక్కలో వేదాన్ని నిందించేవాడు. ఈ మాటను తెలుగునాట తలెత్తుకునేలా చేసినవారు గోరా. 1902లో మీ పక్కనే ఛత్రపురంలో పుట్టిన గోపరాజు రామచంద్రరావు, నాస్తికత వల్ల కాలేజీ ఉద్యోగం పోగొట్టుకుని, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. కానీ అది 'లేడు' అని నిలబడి చెప్పేవారి మాట. మీరు అలా అనడం లేదు. అజ్ఞేయవాది: 1869లో హక్స్‌లీ ఇంగ్లీషులో కట్టిన మాటకు మనం చేసుకున్నది, మీ స్థితికి దగ్గర, కానీ పిన్నిగారికి చెబితే ఇంకేదో కొత్త మతంలో చేరారనుకుంటారు. అవిశ్వాసి: సంఘం వాడే మాట, మీరే మీకు పెట్టుకుంటే వాదన అక్కడితో ఆగిపోతుంది. నన్నడిగితే ఇంట్లో ఈ మూడింటిలో ఏదీ వద్దు. 'నాకు నమ్మకం కుదరడం లేదు' అన్న వాక్యం చాలు. పేరు పెట్టుకున్న రోజు నుంచి ఆ పేరు తరఫున వాదించాల్సి వస్తుంది.

ఇప్పుడు చట్టం. 1967 నాటి ఒడిశా మతస్వేచ్ఛ చట్టం మతమార్పిడికి ఇచ్చిన నిర్వచనం చిన్నది: ఒక మతాన్ని విడిచి మరొకదాన్ని స్వీకరించడం. రెండు సగాలూ కలిస్తేనే మార్పిడి. మీరు మొదటి సగం దగ్గర ఆగారు కనుక ఆ నిర్వచనంలోకి రారు. 1989 నియమాల ప్రకారం ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ముందు డిక్లరేషన్ ఇవ్వాల్సింది మారబోయేవారు, 15 రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేటుకు తెలపాల్సింది ఆ తంతు జరిపే పురోహితుడో పాస్టరో. చట్టంలోని జైలుశిక్ష బలవంతం, ఆశ, మోసం చేసి మార్చినవారికి. ఊరికే నమ్మకం పోయినవాడు ఎవరికీ అర్జీ పెట్టుకోనక్కరలేదు. రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చిన అంతరాత్మ స్వేచ్ఛలో నమ్మకపోవడమూ ఉంది. నియమాలు మారుతుంటాయి కాబట్టి ఏ కాగితం మీదైనా సంతకం పెట్టే ముందు జిల్లా కోర్టులో ఒక వకీలుకు చూపించండి. సంతకమే పెట్టకపోతే ఆ అవసరమూ లేదు.

పెళ్లికి ఏమీ కాదు. క్రైస్తవుల విడాకుల చట్టంలో, 2001 సవరణ తర్వాత, ఎదుటివారు 'వేరే మతంలోకి మారి' క్రైస్తవులు కాకుండాపోవడం ఒక కారణం. వేరే మతంలోకి మారడం అన్నది అక్కడ తప్పనిసరి. మీరు గుడికి వెళ్లకపోవడం ఆ కారణం కిందికి రాదు. ఒకవేళ మీ స్నేహితుడి మాట విని ఘర్‌వాపసీ చేయించుకుంటే మాత్రం అది వస్తుంది. అప్పుడు విడాకులు కోరే హక్కు మీ భార్యకు పుడుతుంది, మీకు కాదు. అలా చేసినా పెళ్లి దానంతటది రద్దు కాదు.

ఆస్తి విషయంలో భయం పాతది, కారణం లేనిది కాదు. ఒకప్పుడు మతం వదిలినవారికి వారసత్వం పోయేది. 1850లోనే కంపెనీ ప్రభుత్వం ఆ పద్ధతి చెల్లదని చట్టం చేసింది. మీ నాన్నగారి ఆస్తికి వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. ఆయన వీలునామా రాయకపోతే మూడో వంతు అమ్మగారికి, మిగతా రెండు వంతులు పిల్లలందరికీ సమానంగా. పిల్లల్లో ఎవరు నమ్ముతారు, ఎవరు నమ్మరు అన్న ప్రశ్న అందులో లేదు. అయితే ఆయన వీలునామా రాసి మొత్తం ఎవరికైనా ఇవ్వగలరు. కాబట్టి వాటా పోతే చట్టం వల్ల పోదు, తండ్రీకొడుకుల మధ్య మాట తెగితే పోతుంది.

స్నేహితుడి సలహా మీద నేను కాస్త గట్టిగానే చెబుతాను. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మొదట ప్రధానంగా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు అందులో లేరు, ఏ మతమూ లేదనేవారి మాటా అందులో లేదు. మీరు నమ్మకం వదిలినంత మాత్రాన ఆ సర్టిఫికెట్ తిరిగి రాదు. హిందూమతంలోకి తిరిగి వచ్చినవారి విషయంలో సుప్రీంకోర్టు 2015లో మూడు రుజువులు అడిగింది: పూర్వీకులది ఆ కులమేనని, నిజంగా తిరిగి వచ్చారని, ఆ కులంవారు తమవాడిగా ఒప్పుకున్నారని. 2024 నవంబరులో అదే కోర్టు, నమ్మకం లేకుండా కేవలం రిజర్వేషన్ కోసం మారడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని చెప్పింది. ఒకదాన్ని నమ్మలేక నిజాయితీగా పళ్లెం పక్కకు అందిస్తున్న మనిషి, నమ్మని ఇంకో హోమం ముందు కూర్చుని సంతకం పెట్టడం దేనికి? పైగా ఆ సర్టిఫికెట్ ఎప్పుడో ఒకనాడు రద్దయితే దానితో వచ్చిన ఉద్యోగమూ పోతుంది. (మీ పేటలో ఎస్టీ కుటుంబాలకు కూడా ఇదే చెబుతున్నారేమో, ఎస్టీ హోదాకు మతంతో ముడి లేదు, వారు ఈ గొడవలో పడనక్కరలేదు.)

మతం వదిలినట్టు అఫిడవిట్, గెజిట్ ప్రకటన గురించి కూడా అడిగారు. చేయించుకోవచ్చు, అవసరం లేదు. తమకు ఏ మతమూ లేదని గెజిట్‌లో వేయమన్నవారిని అధికారులు తిప్పిపంపితే, 2014లో బొంబాయి హైకోర్టు ఎవరినీ మతం చెప్పమని ఒత్తిడి చేయకూడదని తీర్పు ఇచ్చింది. 2023లో తెలంగాణ హైకోర్టు జనన ధ్రువపత్రం దరఖాస్తులో 'మతం లేదు, కులం లేదు' అన్న గడి పెట్టమంది. ఇవి ఒడిశా హైకోర్టు తీర్పులు కావు గానీ మీ వకీలు చూపించడానికి పనికొస్తాయి. గెజిట్ వల్ల వచ్చే చిక్కు వేరు: అందులో 'త్యజించాను' అన్న మాట అచ్చయ్యాక అది ఊరంతా తిరుగుతుంది, అమ్మగారి దాకా వెళ్లేది కూడా ఆ కాగితమే.

సంఘంతో ఎలా ఉండాలన్నదానికి మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది ఇప్పటిలాగే ఉండటం. మామూలు ఆదివారాల్లో భార్య పక్కన కూర్చోవడం, బల్ల రోజున తీసుకోకపోవడం. అపాత్రంగా ఆ రొట్టె తినవద్దని కొరింథీయుల మొదటి పత్రిక 11వ అధ్యాయం చెబుతుంది కాబట్టి, మీరు చేస్తున్నది వారి నియమాన్ని మన్నించడమే అవుతుంది. దీని చిక్కేమిటంటే, ఎంతో కాలం ఎవరూ అడగకుండా ఉండరు. ఏడాది చివర సంఘ సమావేశంలో లేవదీస్తే జవాబు చెప్పాల్సివచ్చేది మీరు కాదు, పెద్దగా కూర్చున్న మీ నాన్నగారు. ఆ రోజుకు ఆయనకు ముందే తెలిసి ఉండాలి.

రెండోది పాస్టరుగారితో ఏకాంతంగా మాట్లాడి, పేరు పుస్తకంలో ఉన్నా క్రియాశీల సభ్యుల్లో లెక్కవేయవద్దనడం. చాలా సంఘాల్లో ఇది కాగితం లేకుండానే జరిగిపోతుంది. పాస్టరుగారు వాదించడానికి కూర్చోబెడితే వాదించకండి. మీరు గెలిచినా ఆదివారం వేదిక ఆయనదే.

మూడోది రాసి ఇవ్వడం. బాప్టిస్టు సంఘం సభ్యుల స్వచ్ఛంద కూటమి. ఇష్టపడి చేరినవారు ఇష్టపడి పేరు తీయించుకోవచ్చు. రాస్తే ఇంతే రాయండి: "ఫలానా తేదీన బాప్తిస్మం పొంది ఈ సంఘంలో సభ్యుడిగా ఉన్నాను. సభ్యుల పట్టీ నుంచి నా పేరు తీసివేయమని కోరుతున్నాను. నా భార్య సభ్యత్వం యథాతథంగా కొనసాగాలి. ఇన్నేళ్లు సంఘం చూపిన ప్రేమకు కృతజ్ఞుణ్ని." కారణాలు రాయొద్దు, 'త్యజించు', 'నిరాకరించు' లాంటి మాటలు వేయొద్దు. రెండు ప్రతులు తీసి ఒకదాని మీద అందినట్టు సంతకం తీసుకోండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి, అక్కడ పెట్టిన ఉత్తరానికి రాత్రికి రాత్రే అరవై జవాబులొస్తాయి, వాటిని మీ భార్య కూడా చదువుతుంది. పేరు తీయించుకునే ముందు సమాధి స్థలం గురించి సంఘ నియమావళిలో ఏముందో చదవండి. కొన్నిచోట్ల అది సభ్యులకే, కొన్నిచోట్ల కుటుంబానికి. ఎవరి నోటి మాటా నమ్మక, పుస్తకం చూడండి. (రోమన్ కాథలిక్కులైన పాఠకులకు పద్ధతి వేరు. వారి సంఘ చట్టంలోని కానన్ 751 అపోస్టసీ అన్న ఈ మాటను క్రైస్తవ విశ్వాసాన్ని పూర్తిగా తోసిపుచ్చడంగా నిర్వచించింది. బాప్తిస్మం రికార్డు చెరిపేయడమన్నది అక్కడ లేదు.)

ఈ మూడింటిలో ఇప్పటికి మొదటిది, అమ్మగారు కోలుకున్నాక రెండోది మీకు సరిపోతాయని నా అభిప్రాయం. మీ భార్య పెట్టిన షరతు ఒక్కటే, పక్కన కూర్చోమని. అంత తక్కువ అడిగిన మనిషి దగ్గర మూడోదానికి తొందర పడే కారణం నాకు కనపడలేదు. కానీ బల్ల దగ్గర కూర్చోవడమే మీకు ఊపిరాడనివ్వకపోతే మూడోదే మంచిది. అది మీ ఒంటికే తెలుస్తుంది.

నాన్నగారితో మాట్లాడేటప్పుడు తమ్ముళ్లూ మరదళ్లూ లేకుండా చూసుకోండి. బైబిలులో వైరుధ్యాలు ఎత్తకండి. తాతగారితో మొదలుపెట్టండి. శిశువులకు బాప్తిస్మం ఇవ్వని సంఘం మీది. బిడ్డను దేవుడికి ప్రతిష్ఠ చేస్తారే గానీ నీళ్లలో ముంచరు. విశ్వాసం తండ్రి నుంచి కొడుక్కి వారసత్వంగా రాదన్నది మీ సంఘం పునాదుల్లోనే ఉంది. తాతగారు నీళ్లలోకి దిగింది ఆ నమ్మకంతోనే. మీరు అదే నియమం ప్రకారం నడుస్తున్నారని ఆయనకు వినపడాలి. ఒప్పుకుంటారని చెప్పను. కోపం వస్తే మీ మీద వస్తుంది, తాతగారి మీద రాదు కదా, కాసేపటికి చల్లబడుతుంది.

పాప విషయం కూడా ఇందులోంచే తేలుతుంది. తనకు ఇంకా బాప్తిస్మం లేదు, తన వంతు వచ్చినప్పుడు తనే తేల్చుకుంటుంది. అప్పటిదాకా సండే స్కూలుకు తల్లితో వెళ్లనివ్వండి. ఇంట్లో ఒకరి నమ్మకాన్ని ఒకరు పాప ముందు తక్కువ చేయకూడదని ఇద్దరూ ఒప్పందం చేసుకోండి. స్కూలు ఫారంలో ఆ గడి మీరొక్కరే నింపకండి. తల్లి చేత నింపించినా, ఇద్దరూ కలిసి ఖాళీగా వదిలినా తర్వాత తగాదా ఉండదు.

అమ్మగారికి మీ అంతట మీరు ఇప్పుడు చెప్పకండి. డాక్టరు మామూలుగా తిరగొచ్చు అన్నాక, నాన్నగారికి చెప్పిన తర్వాత, ఆయన ఉన్నప్పుడు చెప్పండి. ఈలోగా ఆమే సూటిగా అడిగితే అబద్ధమాడొద్దు. "ఇప్పుడు నీ మందులు చూద్దామమ్మా, అది తర్వాత మాట్లాడుకుందాం" అంటే ఆమెకు అర్థమవుతుంది. ఆమె ప్రార్థన చేయమంటే పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకోండి. 'ఆమేన్' అనాలా వద్దా అన్నది ఆ నిమిషంలో మీ మనసుకు వదిలేస్తున్నాను.

పిన్నిగారికి మాత్రం ఆలస్యం చేయకండి, ఈ వారమే వాళ్లింటికి వెళ్లండి. "పిన్నీ, తాగుడు లేదు, అప్పు లేదు, అమ్మని చూసుకుంటున్నాను, పాప బాగా చదువుతోంది. నమ్మకం ఒక్కటే కుదరడం లేదు, దానికి భ్రష్టు పట్టడమనకు" అని చెప్పండి. ఆమె ఏడుస్తారు, మీకోసం ప్రార్థన చేస్తానంటారు. చేయనివ్వండి. టీ ఇస్తే తాగి రండి.